రెండో గుడ్లగూబ

"ఈ సీసా మూత ఎవరు బిగించారంట?"

వీరదుర్గ ఆవకాయ సీసాను వంటగట్టు మీద ఠప్పున పెట్టింది.

"నన్నడుగుతావేంటి? నేను పచ్చడి జోలికే పోలేదు," అన్నాడు మణికుమార్, టీవీ మీంచి చూపు తిప్పకుండా.

"మీరు కాకపోతే గోడలు బిగించాయా?"

"నీ చేతిలో పస లేక నామీద పడతావు. ఇలా తే."

తువ్వాలు చుట్టి తిప్పాడు. మోకాళ్ల మధ్య ఇరికించి తిప్పాడు. మొహం ఎర్రబడింది గాని మూత కదల్లేదు.

"పగలగొట్టెయ్ దుర్గా, పోతే పోయింది."

"మా అమ్మ పెట్టిన ఆవకాయ అది. మీ తల పగిలినా సీసా పగలడానికి వీల్లేదు."

బహ్రెయిన్‌లోని హమద్ టౌన్‌లో శుక్రవారం మధ్యాహ్నం. డ్యూటీ లేదు కాబట్టి పోట్లాటకు తీరిక దొరికింది.

అంతలో ముందుగదిలో ఉండే ముసలయ్య భోజనానికి వచ్చాడు.

గుమ్మం దగ్గర ఆగి, వంగి, గడపను ముట్టుకుని కళ్లకద్దుకున్నాడు. ఆ చేత్తోనే రెండు భుజాలూ తట్టుకున్నాడు. ఎప్పుడొచ్చినా అంతే.

కుడికాలు ఈడ్చుకుంటూ వచ్చి సీసా అందుకున్నాడు. రెండు వేళ్లతో తిప్పాడు. మూత వచ్చేసింది.

"పొద్దున్న నేనే పెట్టానమ్మా. చీమలు పడతన్నాయని."

వీరదుర్గకు నవ్వొచ్చింది. మణికుమార్‌కు రాలేదు.

ముసలయ్యను ఎవరో వారం రోజులకని పంపారు. ఏడాదిగా ఉండిపోయాడు. కాలు పాడయ్యాక కూలీల క్యాంపు వదిలేసి, ఓ అరబ్బు ఇంట్లో మొక్కలకు నీళ్లు పోస్తున్నాడు. వచ్చిన కొత్తలో ఏ ఊరని అడిగితే "ఏటవతలండి" అన్నాడు. అంతటితో ఆ మాట ముగిసింది.

ఆయన కోసం ఎవరూ రారు. సాయంత్రాలు వాకిట్లో కూర్చుని వీళ్ల టీవీ చప్పుడు వింటాడు. లోపలికి రమ్మంటే, "ఇక్కడ గాలేస్తందమ్మా" అంటాడు. బహ్రెయిన్ ఎండాకాలంలో గాలెక్కడిది!

కంచాల ముందు కూర్చోగానే మణికుమార్ మొదలుపెట్టాడు. కుస్తీలంటే అతనికి పిచ్చి.

"మెక్సికో జోడీ టైటిలంటే మాటలు కాదు ముసలయ్యా. మొదట ఇద్దరు అన్నదమ్ముల దగ్గరుండేది. వాళ్లని పడగొట్టి గుడ్లగూబలు గెల్చుకున్నారు. తెల్ల ముసుగువాడొకడు, నల్ల ముసుగువాడొకడు. మధ్యలో ఒకసారి ఓడి, ముసుగులే పందెం కాసి మళ్లీ తెచ్చుకున్నారు."

"ఇద్దరికీ ఒకే బెల్టాండి?"

"చెరొకటి. కానీ ఒకడు తప్పుకుంటే రెండోవాడిదీ వెనక్కిచ్చెయ్యాలి. ముసుగేసుకున్నవాడు తనెవరో చెప్పకూడదు. చెప్పాడా, ఆ పేరు అక్కడితో సరి."

ముసలయ్య తలూపాడు.

"తొంభై మూడులో ఆ జోడీ ఇక్కడికే, మనామా వచ్చింది. ఆట మధ్యలో చెక్క గ్యాలరీ కూలింది. నేను దూలం కింద ఉన్నాను. అందరూ తలోదిక్కూ పరిగెత్తారు. నల్ల గుడ్లగూబ ఒక్కడే రింగులోంచి దూకొచ్చి దూలాన్ని భుజాలమీదికెత్తుకున్నాడు. నేను పాక్కుంటూ బయటపడేదాకా దించలేదు. ఆ దుమ్ములో మళ్లీ కనిపించలేదు, మహానుభావుడు."

"ఆ నల్ల ముసుగాయన ఆరోజు ఇక్కడికి రాలేకపోయుంటే ఏం చేసేవోరండి?"

"ఆట ఆపేస్తారు. దారినపోయేవాడికి ముసుగు తగిలించి నిలబెడతారా? బెల్టు పరువు పోదూ!"

ముసలయ్య అన్నంలోకి తల వంచేశాడు.

మణికుమార్ గొంతు సవరించుకున్నాడు.

"మా పెదనాన్న కొడుకు బుల్లబ్బాయి వస్తున్నాడు. వాడికి గది కావాలి. నువ్వు వేరే ఎక్కడన్నా..."

వీరదుర్గ భర్త వైపు చూసింది. పులుసు గిన్నె జరిపింది.

"ఇంకెక్కడికో ఎందుకులెండి," అన్నాడు ముసలయ్య. "ఊరెల్లిపోతాను. మరి కాస్త ఆవకాయ ఎయ్యమ్మా."

ఆ నెలలోనే వెళ్లిపోయాడు. ఎయిర్‌పోర్టుకు దింపుతానన్న మణికుమార్‌కు ఆ పూట డ్యూటీ పడింది. వెళ్లేముందు ముసలయ్య గడపను ముట్టుకుని, భుజాలు తట్టుకుని, వెనక్కి తిరిగి చూడకుండా కుంటుకుంటూ సందు దాటాడు.

బుల్లబ్బాయి దిగిన తొలి శుక్రవారం వీరదుర్గ కోడికూర వండింది. వడ్డన కాకముందే మణికుమార్ మనామా కథ ఎత్తుకున్నాడు.

"అన్నయ్య కోతలేనా వదినా ఇవి?"

"కోతలంటావేంట్రా!" మణికుమార్ కంచం ముందు నుంచి లేచాడు. "ఆయన రింగులోకి ఎలా వచ్చాడో చూపిస్తా, చూడు."

గుమ్మం బయటికి వెళ్లి నిలబడ్డాడు. వంగి, గడపను ముట్టుకుని కళ్లకద్దుకున్నాడు. ఆ చేత్తోనే రెండు భుజాలూ తట్టుకున్నాడు.

"చూశావా? మెక్సికో వాళ్లకూ మనలాంటి ఆచారమే ఉందిరా!"

వీరదుర్గ చేతిలో గరిటె ఆగిపోయింది.

మణికుమార్ వచ్చి కూర్చున్నాడు. అతని కళ్లు తడిగా ఉన్నాయి.

"ఇద్దరూ వినండి. నిర్ణయించేసుకున్నాను. వచ్చే సెలవుకు ఊరెళ్లడం లేదు. ఎన్ని తిప్పలు పడైనా సరే, మెక్సికో పోయి ఆయన కాళ్లకు దణ్ణం పెట్టుకుని వస్తాను."

వీరదుర్గ ఆవకాయ సీసా దగ్గరికి లాక్కుంది. ఇప్పుడా మూత చెయ్యి తగిలితే చాలు, వచ్చేస్తోంది. లోపల చీమలు.

"మెక్సికో దాకా ఎందుకండీ," అంది మెల్లగా. "ముసలయ్య ఏటవతల అన్నప్పుడు, ఏ ఏరు బాబాయ్ అని మనం అడిగుంటే సరిపోయేది."