ఇరుకు గల్లీలో పికప్

లాడ్ బజార్ వెనక గల్లీలో రెండు గోడల మధ్య పికప్ ఇరుక్కుపోయింది. ముందుకు కదలదు, వెనక్కి రాదు, తలుపులు తెరుచుకోవు, లోపలున్న ఇద్దరూ దిగలేరు. కొత్త చక్రాలు బాడీ దాటి నాలుగు వేళ్లు బయటికున్నాయి.

“ఈ చక్రాల ఆఫ్‌సెట్ తప్పు, బయటికి పొడుచుకొస్తయని దుకాణంలనే చెప్పిన,” అంది మాన్య.

ఇక తిరిగి రానని సామాను సర్దుకుని, ఆమె సైదాబాద్‌లోని పుట్టింటికి బయల్దేరింది. దింపడానికొచ్చాడు భర్త కేశవ్.

“నీ మాట నేనెన్నడు ఇనలే,” అన్నాడతను స్టీరింగ్ మీంచి చేతులు తీసి.

ఏడేళ్లుగా దిగమింగుకున్నవన్నీ ఆమె చెప్పింది. ఫోన్ చేసి పిలిచిన మెకానిక్ వచ్చేదాకా కేశవ్ అడ్డుపడకుండా విన్నాడు.

“పెద్ద రోడ్డుండంగ గిట్ల తిప్పమన్నది నువ్వే గదా. బండి పట్టదని నీకెరుక లేదా?” అనడిగాడు కేశవ్.

“ఎరుకనే. ఇంకెక్కడైతే కూసొని ఇంటవ్ నువ్వు?”