నీళ్లు లేని బావి

ఎస్సై శవం మీది గుడ్డ తీయించాడు.

"చూడు. నీ బిడ్డే కదా?"

మొహం మిగల్లేదు. గేమ్లీబాయి జడ చూసింది. లంగా అంచు చూసింది. పాదాల దగ్గర చాలాసేపు నిలబడింది.

"కాదు సారూ."

ఎస్సైకి చిర్రెత్తుకొచ్చింది. ఈడు సరిపోయింది, ఎత్తు సరిపోయింది, ఇంకేం కావాలన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపింది.

ఆమె కూతురు సీత్లి నల్లప్ప మేస్త్రీ వెంట కూలికి పోయి తిరిగి రాలేదు. అప్పుడు ఇదే ఎస్సై ఫిర్యాదు తీసుకోలేదు. ఎవడితోనో లేచిపోయుంటుంది, సుగాలోళ్లకు మామూలేనన్నాడు. నల్లప్ప వస్తే కుర్చీ వేయించాడు. గేమ్లీబాయి గేటు బయట ఎండలో కూర్చుని కూర్చుని, చివరికి అనంతపురంలో ఒక లాయరమ్మను పట్టుకుని కోర్టుకెక్కింది. ఇప్పుడు వాయిదా వాయిదాకూ పిల్ల ఏదని జడ్జి అడుగుతున్నాడు. నల్లప్పను స్టేషన్‌కు పిలవక తప్పడం లేదు. ఎస్సైకి ఎవరో ఒకరి శవం కావాలి.

ఇది ఒక పాడుబావిలో దొరికింది. ప్రేమ విఫలమై దూకి మునిగిపోయిందని ఎస్సై ముందే రాసిపెట్టుకున్నాడు. కరువుకు ఆ బావి ఎండిపోయి మూడేళ్లయింది.

హెడ్ కానిస్టేబుల్ కుళ్ళాయప్ప ఆమెను పక్కకు పిలిచాడు.

"ఒప్పుకోమ్మా. ఈపొద్దుతో కేసు మూసేస్తాము. నీకూ తిరిగేది తప్పుతాది."

"నల్లప్పనో?"

"ఆత్మహత్య అన్నాక వానితో ఏం పని?"

"నా బిడ్డ యాడో ఉండాదన్నా. ఎతకండి."

ఎస్సై బూతులు తిట్టి జీపెక్కాడు. అనాథ శవమని మునిసిపాలిటీ వాళ్లకు అప్పగించారు. కాలుస్తారా, పూడుస్తారా అని గేమ్లీబాయి అడిగింది.

కుళ్ళాయప్ప విసుక్కున్నాడు. "నీ బిడ్డ కాదంటివి కదా, నీకేల?"

"యా తల్లి కన్నదో. మాలో పెండ్లి గానోళ్లను కాల్చరన్నా, మట్టిలో పెడతారు."

"పూడుస్తార్లే, పో."

పొద్దు వాలేసరికి గుంత పూడ్చి, పారలు భుజాన వేసుకుని కూలీలు వెళ్లిపోయారు.

అంతవరకు దూరంగా కూర్చున్న గేమ్లీబాయి లేచి వచ్చి, ఆ పచ్చి మట్టి మీద చెంప ఆనించి, తండా మాటలో మెల్లగా చెప్పింది: "ఓర్చుకో సీత్లీ, నల్లప్ప నోరు విప్పేదాకా నువ్వు నా బిడ్డవు కావు."