కొంగుముడిలో కారు తాళం

“బాబూ, కారు నీళ్లలో ఆగిపోయేక మళ్లీ ఎన్నిసార్లు స్టార్ట్ కొట్టేవు?” సెమిలిగుడ మెకానిక్కు దేబాశిష్ బానెట్‌లోంచి తలెత్తకుండానే అడిగేడు.

“ఒక్కసారైనా కొట్టనిత్తేనా!” ఢిల్లీశ్వరరావు పక్కనున్న మామ్మ అప్పమ్మ కేసి గుర్రుగా చూసేడు. “తాళం లాక్కుని కొంగున ముడేసేసుకుంది. సీట్లదాకా నీళ్లొచ్చినా ఇవ్వనేదు. పదిమందిని పిలిచి నెట్టించేను.”

ఇంజిను పోయిందంటే జయపురం ట్యాక్సీ బేరాలన్నీ పోయినట్టే. ఉన్నది ఆ ఒక్క కారే వాడికి.

దేబాశిష్ తల బయటికి తీసేడు. “మామ్మ కాళ్లకి దండం పెట్టు. ఒక్కసారి స్టార్ట్ కొట్టుంటే ఇంజిను ముక్కలయ్యేది. ఇప్పుడు ఆయిలూ ఫిల్టరూ మార్చి ఆరబెడితే చాలు. మామ్మా, ఇంత సంగతి నీకెలా తెలుసు?”

“నాకేటి తెలుసు నాయనా!” అప్పమ్మ బుగ్గలు నొక్కుకుంది. “గుణుపురంలో మా ఆయన ఎద్దు వరదలో కూలబడిపోయిన కత సెప్తన్నాను. సగంలో ఈడు బండి స్టార్ట్ సేస్తే ఆ మోతలో నా మాట ఇనపడతాదేటి? అందుకే లాక్కున్నాను.”

దేబాశిష్ నవ్వాపుకోలేక పానా కింద పడేసేడు. ఢిల్లీశ్వరరావుకి మాత్రం నవ్వు రాలేదు. ఆ ఎద్దు కత వాడు చిన్నప్పట్నుంచీ వింటూనే ఉన్నాడు. ఎప్పుడూ సగమే.

సాయంత్రానికి కారు బాగయింది. తాళం తిప్పగానే ఇంజిను గుర్రుమంది. పక్క సీట్లో అప్పమ్మ నోరు తెరిచి, ఆ మోత విని, మూసేసుకుంది.

ఢిల్లీశ్వరరావు తనే తాళం వెనక్కి తిప్పి ఇంజిను ఆపేసేడు.

“ఇంతకీ ఆ ఎద్దు లేచిందా మామ్మా?”