కంద రుచి చూసే కోడలు

దురద తెలియకుండా చేసే సూది ఊళ్లో అందరూ వేయించుకున్నారు, ఇంటికొకరు తప్ప. దురద పోయింది గానీ, సరిగ్గా ఉడకని కంద తింటే గొంతు వాయడం మాత్రం పోలేదు. కోనసీమలో కంద మానేసే ఇల్లుంటుందా? అందుకే ముందు రుచి చూసి దురద ఉంటే చెప్పడానికి ఒకరిని సూది లేకుండా అట్టేపెట్టుకుంటారు. ఆ ఒకరు ఎవరో వేరే చెప్పాలా, కోడలే.

ఏళ్ల తరబడి ఒంటినిండా దద్దుర్లతో వేగిపోయిన మృదుల, పోయిన వారం పుట్టింటికి వెళ్లి ఎవరికీ చెప్పకుండా సూది వేయించుకొచ్చింది. పెళ్లయ్యాక మొదటిసారి కంటినిండా నిద్రపోయింది.

ఇవాళ అత్తగారు కంద పులుసు పెట్టారు. మామగారు, పిల్లలు కంచాల ముందు కూర్చుని మృదుల వైపే చూస్తున్నారు.

“ముందు నువ్వో ముక్క నోట్లో వేసుకోమ్మా,” అన్నారు అత్తగారు.

వేసుకుంది. దురద ఉందో లేదో ఇక ఆమెకూ తెలియదు. ఇంతలో చిన్నవాడు ఆకలికి ఆగలేక ముద్ద ఎత్తాడు. మృదుల గబుక్కున వాడి చెయ్యి పట్టుకుని, రెండో చేత్తో మెడ గోక్కుంది.

“దురదగానే ఉందండీ అత్తయ్యగారూ. ఇంకాస్త చింతపండు వేసి ఉడకనివ్వండి.”

“నువ్వున్నావు కాబట్టి సరిపోయింది. ఉడికాక మళ్లీ చూద్దువుగాని,” అంటూ ఆవిడ గిన్నె పొయ్యి మీదకెక్కించారు.

మృదుల చెయ్యి ఇంకా మెడ మీదే ఉంది. దురద పోయింది. గోక్కోవడం మాత్రం ఈ ఇంట్లో ఉన్నన్నాళ్లూ తప్పదు.