స్రున్ పేరు పట్టేంత జాగా

అమ్మమ్మ తన కుట్టు కొట్లో ప్యాంటు అంచు మడిచి కుడుతోంది.

ఆ ప్యాంటు తాలూకు పెద్దాయన నడుముకు క్రమా తువ్వాలు చుట్టుకుని, పీట మీద బుద్ధిగా కూర్చున్నాడు.

"పేరేంటి మీది?"

"సారిన్. ఫ్నోం పెన్ బస్సుకు అరగంటే ఉందమ్మా. అది తప్పితే మా ఆవిడ ఇంట్లోకి రానివ్వదు."

"ఈ తువ్వాలుతో వెళ్తే అసలే రానివ్వదు."

పక్కన మనవరాలు లఖెనా లాప్‌టాప్ ముందు గొణుగుతోంది. ఊరి ఆసుపత్రికి వెబ్ పేజీ చేస్తోంది. ఎవరి వంతు ఎప్పుడో రోగుల పేర్లతో కనిపించాలి. పన్నెండింటికల్లా పంపాలి. వాళ్ళకు నచ్చితే ఉద్యోగం ఖాయం.

"ఈ ఖ్మేర్ ఫాంటు అక్షరాలు గీసినవాడెవడో ఒట్టి సోమరి అమ్మమ్మా! పైనా కిందా ఎంత ఖాళీ వదిలేశాడో. ఐదు పేర్లు పట్టే చోట మూడే పడుతున్నాయి."

"సోమరే అయ్యుంటాడు," అన్నాడు పెద్దాయన.

"అందుకే ఆ ఖాళీ అంతా కత్తిరించేశా. చూడండి తాతా, ఎంత పొందిగ్గా ఉందో!"

ఆయన కళ్ళజోడు సర్దుకుని చూశాడు.

"బాగుంది తల్లీ. నాకోసం ఒక పేరు కొట్టు. స్రున్."

కొట్టింది.

పేరు సగమే కనబడింది. అక్షరం కింది కాలు, అంటే వత్తు, ఆ కాలి కింది కొమ్ము, రెండూ గడి అంచు దగ్గర తెగిపోయాయి.

"ఆసుపత్రికి స్రున్ వస్తే నర్సు ఏమని పిలవాలి మరి?"

లఖెనా నాలుక కరుచుకుంది. తను వేసి చూసిన ఐదు పేర్లలో కాళ్ళున్నది ఒక్కటీ లేదు.

అమ్మమ్మ దారం కొరికింది.

"ఈ ప్యాంటుకు రెండువేళ్ళ గుడ్డ లోపల మడిచి ఉంచా."

"పొడుగు పెరిగే వయసా నాది?"

"మీ మనవడికి పనికొస్తుందిలెండి."

లఖెనా ఇక తలెత్తలేదు. కత్తిరించిన జాగా తిరిగి ఇచ్చేసింది. గడుల మధ్య ఎడం తగ్గించింది. నాలుగు పేర్లు పట్టాయి, కాళ్ళతో సహా. పంపేసింది.

చూస్తే పీట ఖాళీ. పెద్దాయన టోపీ మాత్రం మిగిలింది.

"నీ పని చెడుతుందని చప్పుడు చేయకుండా వెళ్ళాడే," అంది అమ్మమ్మ.

తిట్టిన మనిషి పేరైనా చూద్దామని లఖెనా ఆ ఫాంటు వివరాలు తెరిచింది.

'గీసినది: సారిన్. కింద జాగా చాల్లేదని నా భార్య స్రున్ మూడుసార్లు తిట్టింది. తన పేరు పట్టేదాకా వదిలాను.'

లఖెనా టోపీ అందుకుని, బస్సు హారను వినిపిస్తున్న వైపు పరుగెత్తింది.