పడవ మీద బూట్లు

"పక్కకి తప్పుకోరా!"

డైరెక్టర్ ఈశ్వరరావు బూటుకాలు పడవ అంచు మీద పెట్టబోయి ఒక్క క్షణం ఆగాడు. కామేశ్ అడ్డం నిలబడ్డాడు.

"బూట్లిప్పేసి ఎక్కండి సార్. మాకిది గంగమ్మ తల్లి. మా ఊళ్లో పసిగుంటడు కూడా సెప్పులతో ఎక్కడు."

భావనపాడు రేవులో ఊరు ఊరంతా నిలబడి చూస్తోంది. వలలు బాగుచేసేవాళ్లు పని ఆపేశారు. ఎండుచేపలు తిరగేసే ఆడవాళ్లు లేచి వచ్చారు. వాళ్ల మధ్యలో కామేశ్ తల్లి జోగమ్మ ఉంది. ఆ పడవ ఆమె మొగుడు సోములుది.

"నా అసిస్టెంటువి నువ్వు. నాకే బుద్ధులు చెప్పేంతవాడివయ్యావా?"

ఆ గొంతు వింటే చాలు, కామేశ్‌కి అరికాలి మంట నెత్తికెక్కుతుంది. టెక్కలి హాల్లో నేల టిక్కెట్టు సినిమాలు చూసి, డైరెక్టర్ కావాలన్న పిచ్చితో ఈయన పంచన చేరాడు. "నటించడం రానివాడికి నటింపజేయడం ఏం వస్తుందిరా? ముందు కెమెరా ముందు నిలబడు" అనేవాడు ఈశ్వరరావు. మాట మంచిదే. వేయించిన వేషాలే వేరు. చెప్పుదెబ్బలు తినే దొంగ. బురదలో దొర్లే తాగుబోతు. ఎర్రటెండలో శవం. జూనియర్ ఆర్టిస్టు రాకపోతే కామేశ్. వచ్చినా కామేశే. చచ్చినట్టు చేశాడు. చేస్తూ చేస్తూనే కెమెరా ఎక్కడ పెట్టాలో, మనిషి మొహంలోకి కోపం ఎప్పుడు పొంగుతుందో నేర్చుకున్నాడు. పని నేర్పాడు, కాదనడు. మనిషిని మాత్రం పీల్చి పిప్పి చేశాడు దుర్మార్గుడు.

"నన్ను తిట్టండి, కొట్టండి, పడతాను సార్. ఇన్నాళ్లూ పడ్డాను. మా అయ్య పడవ మీద బూట్లేటి సార్? మొన్న తుపానుకి మా అయ్య ఎల్లిపోనాడు. ఈ పడవొక్కటే ఒడ్డుకొచ్చింది."

"నోర్ముయ్! ఇంకొక్క మాటంటే ఈ ఫీల్డులో నీకు మంచినీళ్లు కూడా పుట్టకుండా చేస్తాను."

ఈశ్వరరావు ఎక్కేశాడు. బూట్ల కింద చెక్క కిర్రుమంది. జనంలో గొణుగుడు లేచింది. ముసలి సన్యాసయ్య నోటిదాకా వచ్చిన బూతు మింగేసి, మొహం పక్కకి తిప్పుకున్నాడు. జోగమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

కామేశ్ పిడికిళ్లు బిగుసుకున్నాయి. ఒక్క తోపు తోస్తే ముసలాడు వెల్లకిలా ఇసకలో పడతాడు. తోస్తే ఇన్నేళ్ల కష్టం గంగపాలు. తోయకపోతే గుండెల్లో రగిలే ఈ కోపం ఎప్పటికి చల్లారేను?

"దిగండి సార్," అన్నాడు పళ్లు బిగించి.

ఛెళ్లుమంది చెంప, ఊరందరి ముందూ.

కామేశ్ తలెత్తి ఆయన కళ్లలోకి సూటిగా చూశాడు. ఆయనే ముందు కళ్లు దించుకున్నాడు.

కామేశ్ చెంప తడుముకుని కెమెరా వైపు తిరిగాడు.

"కట్! నా సినిమాలో మీ వేషం మీరే వేస్తున్నారు, బూట్లతో మళ్లీ ఎక్కండి గురువుగారూ. నిజంగా ఆ రోజు మీరు నన్ను ఇంతకంటే గట్టిగా కొట్టారు."