మండపం పొయ్యి

తునిలోని కల్యాణ మండపాల్లో పొయ్యిలన్నీ ఇప్పుడు జనం ఊపిరితోనే మండుతున్నాయి. హాల్లో కూర్చున్నవాళ్ళు వదిలిన గాలిని గోడలోని పెట్టె పీల్చుకుని, కరెంటుతో గ్యాసుగా మార్చి వంటింటికి పంపుతుంది. అందుకే వంట మేస్త్రి నూకరాజు పెళ్ళికి ఎంతమంది వచ్చారని ఎవరినీ అడగడు. మంట చూసి చెప్పేస్తాడు.

ఆ రోజు మంట గోరంత లేచి ఆగిపోయింది. పాయసం ఎంతకీ ఉడుకు పట్టడం లేదు.

"నాలుగొందల మందికి వండమన్నారు. ఇరవై మందైనా లేరే!" అన్నాడు.

"ఆడపెళ్ళివారు రామన్నారంట బాబాయ్. పిల్ల తనకి నచ్చినోణ్ణి చేసుకుంటందని కోపం," అంది కూరలు తరిగే దేవుడమ్మ. "పాపం, ఆ పిల్ల ఖాళీ కుర్చీలకేసే చూస్తంది."

నూకరాజు గరిటె తనే అందుకున్నాడు.

"అందరూ చేతులు కడుక్కుని ఎళ్ళి ఆ కుర్చీల్లో కూచోండి. ఎవరైనా అడిగితే పిల్ల తరపు చుట్టాలమని చెప్పండి."

"మరి వంటో?"

"మీరెళ్తేనే కదమ్మా మంట లేచేది!"

వంటింట్లో పనిచేసే తొమ్మిది మందీ వెళ్ళారు. మంట కాస్త లేచింది. నూకరాజు ఒక్కడే కలుపుతూ నిలబడ్డాడు.

ఉన్నట్టుండి మంట గుప్పుమని గుండిగ అంచుల దాకా ఎగబాకింది. తొమ్మిది మందికి ఇంత మంటా అని అతను వెనక్కి గెంతేలోగా దేవుడమ్మ పరుగెత్తుకొచ్చింది.

"బాబాయ్, ఆడపెళ్ళివారు ఇందాకట్నించీ గేటు బయటే నిలబడి చూస్తన్నారంట! ఇప్పుడందరూ లోపలికొచ్చి, మా పిల్లకి చుట్టాలమనడానికి మీరెవరు, ఆ కుర్చీలు మాయి, లెగండని పోట్లాడతన్నారు!"